పొద్దెక్కినాక లేచే పక్షి



పక్షులను చూడటమే పనిగా పెట్టుకున్నవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే, మాటలు ఎక్కడ మొదలైనా చివరికి దక్షిణ అమెరికా చేరతాయి. ఒక్క కొలంబియా దేశంలోనే 1,900కు పైగా పక్షిజాతులున్నాయి. మన దేశమంతా కలిపినా 1,300 చిల్లర. 2014 అక్టోబరు 14న పెరూలో నలుగురు మనుషులు ఒక్కరోజులో 354 జాతులను లెక్కరాశారు. మరుసటి ఏడాదే పక్కనున్న ఈక్వడార్‌లో ఇంకో జట్టు 431తో ఆ లెక్కను దాటేసింది. ఇలాంటివి విన్నప్పుడు మనవాళ్లు నిట్టూర్చి, "మన దగ్గర ఏముందండీ, కాకులూ పావురాలే కదా" అంటారు.

ఆ లెక్కల్లో ఒక మెలిక ఉంది. ఆ పోటీల నియమాల్లో పక్షిని కంటితో చూడాలని లేదు, గొంతు విని గుర్తుపట్టినా చాలు. అమెజాన్ అడవిలో ఆకు రాలే కాలమంటూ ఉండదు. చెట్టు మీదికి చెట్టు, దాని మీదికి తీగ, మనిషికి నెత్తిన ఆకాశం తునకలు తునకలుగా తప్ప కనపడదు. పక్షి పది అడుగుల దూరంలో కూస్తూ ఉంటుంది, ఎంత వెతికినా దొరకదు. ఆ జాబితాల్లో చాలా పేర్లు అలా చెవితో పట్టుకున్నవే. పేర్లు ఎక్కువ, కనపడ్డవి తక్కువ. ఆ విద్య చిన్నదేమీ కాదు, వందల గొంతులు విడివిడిగా గుర్తుండాలి. కానీ మొదటిసారి బైనాక్యులర్స్ మెడలో వేసుకున్న మనిషికి అది తగిన అడవి కాదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లను నేను కాగజ్‌నగర్ పొమ్మంటాను.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు దారిలో, సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్లో దిగాలి. ఈ ఊరికి పేరు వచ్చిందే కాగితం మిల్లు వల్ల. 1938లో నిజాం కాలంలో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో తిరిగి తెరుచుకుంది. చుట్టూ అడవుల్లోని వెదురు దశాబ్దాలపాటు ఆ మిల్లులో గుజ్జయి కాగితమైంది. అలాంటి ఊరి చుట్టూ ఇంకా ఇంత అడవి మిగిలి ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కాగజ్‌నగర్, సిర్పూర్ (టి), కర్జెల్లి, బెజ్జూర్, పెంచికల్‌పేట. అటవీశాఖ లెక్కలో ఇవి రేంజీలు. మనకు మాత్రం టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు కలిసిన ఒకటే అడవి.

ఈ అడవి ఆకు రాలుస్తుంది. కొత్తవాళ్లకు అదే వరం. శివరాత్రి దగ్గరపడేసరికి టేకుచెట్లు బోడిగా నిలబడతాయి. వానాకాలంలో ఆకుల చాటున దాక్కున్న వడ్రంగి పిట్ట ఇప్పుడు మొద్దు మీద పాకుతూ అడుగడుగునా కనపడుతుంది. వంగపండు పిట్ట పసుపు ఒళ్లు, నల్ల తల పట్టపగలు ఎండలో మెరుస్తాయి. అదే కాలంలో మోదుగ పూస్తుంది. పూసిన మోదుగ చెట్టు ఒకటి చూసుకుని దానికి ఎదురుగా కూర్చుంటే వేరే ఎక్కడికీ నడవక్కరలేదు. రామచిలుకలు పూలను తుంచి కింద పడేస్తుంటాయి, గోరింకలు కొట్లాడుకుంటుంటాయి, పికిలిపిట్టలు ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మారుతుంటాయి, తేనెపిట్టలు పువ్వుకు వేలాడుతుంటాయి. వీటన్నిటినీ అదిలిస్తూ ఏట్రింత. దాని చుట్టం ఒకటి తోక చివర రెండు సన్నని తీగలు, తీగల కొసన రెండు ఆకుల్లాంటి ఈకలు వేలాడేసుకుని తిరుగుతుంది. పది రకాల పక్షుల గొంతులు అనుకరించగలదు. దాన్ని చెవితో నమ్మితే మోసపోతాం. కంటితోనే చూడాలి.

చలికాలంలో పోతే ఇంకో లాభం, వలసపక్షులు వచ్చి ఉంటాయి. అయితే చలి గురించి ముందే చెప్పాలి. రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రతలు డిసెంబరు, జనవరి నెలల్లో పేపర్లో ఏ ఊళ్ల పేర్లతో వస్తాయో చూడండి. సిర్పూర్ (యు), గిన్నెదరి, అర్లి (టి). అన్నీ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లావే. హైదరాబాద్ నుంచి పల్చటి స్వెట్టర్‌తో వచ్చినవాళ్లు తెల్లవారుజామున జీపులో వణుకుతూ కూర్చుంటారు.

2019 డిసెంబరులో అటవీశాఖ ఇక్కడ బర్డ్ వాక్ ఫెస్టివల్ పెట్టింది. హైదరాబాద్ నుంచి, ఇంకా దూరం నుంచి జనం కెమెరాలు పట్టుకుని వచ్చారు. 2021 జనవరిలో మళ్లీ జరిపారు. అప్పటిదాకా కాగజ్‌నగర్ అంటే పులి వార్తలే. మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం నుంచి ప్రాణహిత నది దాటి వచ్చే పులులు, వాటికి పుట్టే కూనలు. పిట్టల కోసం ఈ ఊరికి టికెట్టు కొనుక్కుని మనుషులు రావడం కొత్త. అడవిలో పగలంతా తిరిగినా పులి కనపడుతుందన్న పూచీ లేదు. పిట్ట కనపడకుండా మాత్రం ఎవరూ వెనక్కి రారు.

పొద్దు పొడవకముందే బయలుదేరాలి. మొదట వినపడేది నెమలి, దాని వెంబడే అడవికోడి. దారి మీద దుమ్ములో కౌజు పిట్టల గుంపు కాళ్ల కిందినుంచి ఒక్కసారి బుర్రుమని లేచి గుండె ఝల్లుమనిపిస్తుంది. కరెంటు తీగల మీద పాలపిట్టలు. దసరా నాడు ఒక్కదాన్ని చూడటానికి ఊరు ఊరంతా పొలిమేర దాకా పోతుంది కదా, ఈ దారిలో అయితే పండగ అక్కర్లేదు. బోడి కొమ్మ మీద పాముల గద్ద ఒళ్లు ఉబ్బించుకుని ఎండ కోసం కూర్చుని ఉంటుంది. వాగు దగ్గర లకుముకి, తీతువ, ఇసుక మీద తోక ఊపుకుంటూ నడిచే వాగ్‌టెయిల్. హిమాలయాల నుంచి దిగివచ్చిన నీలిరంగు ఫ్లైక్యాచర్ ఒకటి వెదురు పొద మీద కూర్చుని పురుగుల మీదికి దూకుతూ ఉంటుంది.

ఇలా నడిచేటప్పుడు తెల్ల చొక్కా, ఎర్ర చొక్కా పనికిరావు, మాటలు అసలే పనికిరావు. ఇంకొకటి కూడా అడుగుతాను. ఫోనులో పక్షి కూత రికార్డు పెట్టి దాన్ని దగ్గరికి రప్పించే అలవాటు ఈ మధ్య పెరిగింది. గూడు కాపలా కాసే పక్షి, వేరే మగపక్షి తన జాగాలోకి వచ్చిందనుకుని మేత మానేసి పరుగెత్తుకొస్తుంది. మన ఫొటో కోసం దానికి ఆ హైరానా దేనికి?

ఈ అడవిలో మంచి టీచర్లు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో పనిచేసే వాచర్లు. ఎక్కువమంది చుట్టుపక్కల గూడేలవాళ్లే. వాళ్ల దగ్గర పుస్తకం ఉండదు, కానీ ఏ చెట్టు తొర్రలో ఏ పక్షి గుడ్లు పెట్టిందో, ఏ నెలలో ఏ కూత ఆగిపోతుందో వాళ్లకు తెలుసు. పక్షిశాస్త్రం చదువుకున్నవాళ్ల సొత్తు అనుకునేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. కడప జిల్లాలో కలివి కోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిందనే శాస్త్రవేత్తలు రాసేశారు. 1986లో అది మళ్లీ లోకానికి దొరికింది అయితన్న అనే పల్లెటూరి వేటగాడి వల్ల. రాత్రిపూట దాన్ని పట్టి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు చూపించింది ఆయనే.  

దక్షిణ అమెరికా మాట ఎత్తాం కాబట్టి హార్న్‌బిల్ సంగతి కూడా చెప్పాలి. అమెజాన్ బొమ్మ ఎక్కడ వేసినా అందులో పడవంత ముక్కున్న టూకాన్ ఉంటుంది. కాగజ్‌నగర్ అడవుల్లో నలుపు, తెలుపు రెక్కలు, పసుపుపచ్చ ముక్కు, ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టుండే మలబార్ హార్న్‌బిల్‌ను పక్షి ప్రేమికులు ఫొటోలు తీశారు. రెండిటినీ పక్కపక్కన పెడితే అన్నదమ్ములే అంటాం. కాదు. టూకాన్ వడ్రంగి పిట్టల వైపు చుట్టం, మన హార్న్‌బిల్ కూకుడుగువ్వ వైపు చుట్టం. సముద్రానికి ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి, పెద్ద పండ్లు మింగి గింజలు దూరంగా ఉమ్మేసే ఒకే కొలువులో కుదిరాయి. ఆ కొలువుకు ఆ ముక్కు కావలసి వచ్చింది. హార్న్‌బిల్ ఆడది చెట్టు తొర్రలోకి పోయి, వాకిలికి మట్టి మెత్తి, ముక్కు పట్టేంత సందు మాత్రం వదిలి లోపలే నెలల తరబడి పొదుగుతుంది. బయట తిరిగి పండ్లు తెచ్చి పెట్టేది మగది. ఆ మగదాన్ని ఎవరైనా కొడితే తొర్రలోని కుటుంబమంతా ఆకలితో పోతుంది. అది గూడు పెట్టుకునేంత తొర్ర చిన్న చెట్టుకు పడదు. ముసలి చెట్టు కావాలి. ప్లాంటేషన్‌లో వరుసగా నాటిన టేకుకు ఆ తొర్ర రావాలంటే మన మనవళ్ల కాలం దాకా ఆగాలి.

ఇవన్నీ చూసినా కాగజ్‌నగర్‌ను చూసినట్టు కాదు. ఇక్కడి అసలు పక్షి అందగత్తె కాదు, కూత కూడా కూయదు. అది రాబందు.

పెంచికల్‌పేట వైపు, మురళీగూడ దగ్గర, పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోటుకు సమీపంలో పాలరాపు గుట్ట ఉంది. నిటారుగా నిలబడ్డ బండ. 2013లో ఈ బండ అరల్లో రాబందులు గూళ్లు పెట్టుకున్న సంగతి బయటపడింది. పొడుగు ముక్కు రాబందు అంటారు దీన్ని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాబందు మాటే మరిచిపోయిన కాలమది. అప్పటినుంచి అటవీశాఖ జటాయువు పేరుతో ఇక్కడ కాపలా పెట్టింది. ఈ గుట్టకు దేశంలో పక్షులు చూసేవాళ్లందరిలో పేరు వచ్చింది.

మిగతా పక్షులకు తెల్లవారుజాము కావాలి. దీనికి అక్కర్లేదు. గుట్టకు ఎదురుగా నిలబడి గంటసేపు చూసినా బండ మీద తెల్లటి రెట్టల చారలు తప్ప నాకేమీ ఆనలేదు. వెంట వచ్చిన వాచర్‌ని అడిగాను.

"ఎప్పుడు లేస్తయన్నా ఇవి?"

"ఎండ కాయాలె సార్. బండ వేడెక్కాలె. ఇప్పట్ల లేవయి."

"మరి మనం ఇంత పొద్దున ఎందుకొచ్చినం?"

"మీరు రమ్మన్నరు, వచ్చినం" అన్నాడు నవ్వకుండా.

ఐదారు కిలోల బరువు, రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఏడడుగుల పైన. అంత శరీరాన్ని రెక్కలు కొట్టుకుంటూ మోయాలంటే తిన్న తిండి చాలదు. బండకు ఎండ తగిలి, బండను అంటుకున్న గాలి వేడెక్కి పైకి లేచినప్పుడు, ఆ లేచే గాలి మీద ఎక్కి కూర్చుంటుంది రాబందు. అక్కడినుంచి రెక్క ఆడించదు. చుట్టూ చుట్టూ తిరుగుతూ పైకి పోయి, అక్కడినుంచి జారుతూ ఇంకో వేడిగాలి స్తంభాన్ని అందుకుంటుంది. అలా రోజులో వంద కిలోమీటర్లు తిరిగినా దానికి అలసట లేదు. దానికి రాష్ట్రం హద్దు కూడా లేదు. ప్రాణహిత అవతలి ఒడ్డు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా. పొద్దున తెలంగాణలో లేచి మధ్యాహ్నం మహారాష్ట్రలో తిని సాయంత్రానికి గూటికి వస్తుంది.

పది దాటాక ఒకటి లేచింది. దాని వెనక ఇంకోటి.

దక్షిణ అమెరికాలో కూడా రాబందులున్నాయి, కానీ వాటి వంశం వేరు. అక్కడి టర్కీ రాబందుకు ముక్కుతో పని. పైన ఆకు కప్పేసిన అడవిలో కింద చచ్చిపడ్డ జంతువు కనపడదు కనుక వాసన పట్టి దిగుతుంది. రాజరాబందు అనే రంగురంగుల తలకాయ పక్షి దాని వెంట పోయి, అది వెతికిన తిండిని లాక్కుని తింటుంది. మన రాబందుకు వాసనతో సంబంధం లేదు. బోడి అడవి, బయలు పొలాలు, ఆకాశం నుంచి అంతా కనపడుతుంది. ఒక రాబందు దిగితే దూరంగా తిరిగే ఇంకోటి దాని దిగుడు చూసి వస్తుంది, దాన్ని చూసి మరోటి. నిమిషాల్లో గుంపు. ఒక పశువు కళేబరం మీద కొన్ని పదుల పక్షులు కలిసి తినడం ఈ జాతి అలవాటు. ఆ అలవాటే దాని కొంప ముంచింది.

1980లలో మన దేశంలో రాబందులు దాదాపు 4 కోట్లు ఉండేవని అంచనా. ఊరిబయట చచ్చిన పశువును పడేసిన చోట చెట్ల నిండా అవే ఉండేవి. నాతోటివాళ్లు అందరూ చిన్నప్పుడు చూసినవాళ్లే. 1990లు వచ్చేసరికి అవి రాలిపోవడం మొదలైంది. మెడ వేలాడేసుకుని కొమ్మ మీద కూర్చున్నది కూర్చున్నట్టే కింద పడేది. కొన్నేళ్లలోనే మూడు ప్రధాన జాతుల్లో నూటికి తొంభై ఐదుకు పైగా పోయాయి. తెగులు అనుకున్నారు, పురుగుమందు అనుకున్నారు. 2004లో పాకిస్తాన్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు. డైక్లోఫెనాక్. మనం ఒళ్లునొప్పులకు వేసుకునే మందే. నొప్పితో కుంటే ఎద్దుకు, జ్వరమొచ్చిన బర్రెకు ఆ ఇంజెక్షన్ ఇస్తారు. చవక, వెంటనే పనిచేస్తుంది. ఇంజెక్షన్ చేసిన ఒకట్రెండు రోజుల్లో ఆ పశువు చస్తే, మందు మాంసంలో ఉండిపోతుంది. ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోతాయి, ఒంట్లో యూరిక్ ఆమ్లం తెల్లటి పొడిలా పేరుకుని కొద్దిరోజుల్లో చనిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. ఇంత పెద్ద జాతి కూలిపోవడానికి కళేబరాలన్నిటిలో మందు ఉండక్కర్లేదు. నూటికి ఒక్కటి కూడా అక్కర్లేదు, అంతకన్నా తక్కువ చాలని శాస్త్రవేత్తలు తేల్చారు. ఎందుకంటే ఒక్క కళేబరం మీద గుంపు గుంపంతా వాలుతుంది. పైగా రాబందు ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పిల్లయి, ఆ పిల్ల తాను గుడ్డు పెట్టే వయసుకు రావడానికి ఐదేళ్లు. పోయిన వేగానికి పుట్టే వేగం ఎక్కడా సరిపోదు.

అమెరికా టర్కీ రాబందు మీద ఇదే మందును పరీక్షించారు. దానికి ఏమీ కాలేదు. మన రాబందును చంపే మోతాదుకు వంద రెట్లు ఇచ్చినా తట్టుకుంది. ఆ మందు ఒక్క ఆ ఖండంలోనే పశువులకు వాడి ఉంటే ఎవరికీ తెలిసేది కూడా కాదు.

2006లో మన ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించింది. దాన్ని తప్పించుకునే దారి వెంటనే దొరికింది. మనుషులకు అమ్మే పెద్ద సీసాలు కొని పశువులకు పొడవడం మొదలైంది. అందుకని 2015లో మనుషుల మందును కూడా ఒక్క డోసు సీసాల్లోనే అమ్మాలన్నారు. తర్వాత అదే కోవలోని ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను 2023లో ఆపారు. ఒక్కో మందును నిషేధించడానికి ఏళ్లు పట్టింది. ఈలోపు దాని తమ్ముడు ఇంకో పేరుతో షాపులోకి వచ్చేవాడు.

రాబందు పోతే మనకేం అనేవాళ్లున్నారు. కళేబరాలు మాత్రం ఎక్కడికీ పోలేదు, వాటి మీదికి కుక్కలు వచ్చాయి. కుక్కలు పెరిగాయి, కుక్కకాటు పెరిగింది, రేబిస్ పెరిగింది, వాగుల్లో, చెరువుల్లో కుళ్లు కలిసింది. ఈయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ పత్రికలో ఒక లెక్క వేశారు. రాబందులు పోయిన జిల్లాల్లో 2000 నుంచి 2005 దాకా అదనంగా 5 లక్షల మంది మనుషులు చనిపోయి ఉంటారని. అది అంచనాయే, దాని మీద వాదించేవాళ్లూ ఉంటారు. సగం తీసేసినా చిన్న అంకె కాదు.

మన భాషలో ఈ పక్షికి మర్యాద లేదు. ఇంటిమీద వాలితే అరిష్టమని ఇల్లు వదిలి వెళ్లిన కుటుంబాల కథలు చిన్నప్పుడు విన్నాం. ఎవరినైనా తిట్టాలంటే రాబందులా పీక్కుతింటున్నాడంటాం. రామాయణంలో జటాయువు చచ్చిపోతే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంటాం. రాబందు బతికున్నదాన్ని పీక్కు తినదు. ఈ పక్షి మీద మనం వేసిన అన్ని నిందల్లో అదే అన్యాయమైనది.

పాలరాపు గుట్ట రాబందులకు తిండి కూడా సమస్యే. రైతులు ముసలి ఎద్దును ఇంట్లో చచ్చేదాకా ఉంచుకోవడం తగ్గింది, ట్రాక్టర్ వచ్చాక ఎద్దులే తగ్గాయి. గడ్చిరోలిలో అటవీశాఖ, మందు లేని పశువు కళేబరాలను ఒకచోట వేసి రాబందులకు పెట్టే ఏర్పాటు చేసింది. వాటికి రాబందుల రెస్టారెంట్లని పేరు పడింది. నవ్వొచ్చే పేరే గాని మంచి ఆలోచన. 2024 జనవరిలో హర్యానాలోని పింజోర్ కేంద్రంలో పెంచిన పొడుగు ముక్కు రాబందులను తాడోబాకు తెచ్చారు, అడవికి అలవాటు చేసి వదలడానికి. తాడోబా అంటే మన పులులు బయలుదేరి వచ్చే చోటే. పులి నడిచి రాగలిగిన దూరం రాబందుకు ఒక పూట ప్రయాణం.

అయితే ఆ జనవరిలోనే మన వైపు జరిగింది వేరు. కాగజ్‌నగర్ అడవిలో దరిగాం దగ్గర రెండు పులులు చచ్చిపడి ఉన్నాయి. పశువు కళేబరంలో విషం కలిపారని దర్యాప్తులో తేలింది. పశువును పులి కొడితే రైతుకు కడుపు మండుతుంది, నష్టపరిహారం చేతికొచ్చేసరికి ఇంకో సీజన్ అయిపోతుంది. ఆ కోపం అర్థమవుతుంది. కానీ పులి కోసం చల్లిన విషాన్ని పులి ఒక్కటే తినదు. నక్క తింటుంది, ఊరకుక్క తింటుంది, ఆకాశం నుంచి చూసి రాబందుల గుంపు మొత్తం దిగుతుంది. పాలరాపు గుట్ట మీది పక్షులన్నీ ఒక్క కళేబరం మీద పట్టేటన్ని. ఒక్క పూట చాలు.

అడవిని కాపాడటం అంటే అడవిలో మనుషులను ఖాళీ చేయించడం కాదని కూడా చెప్పాలి. 2025లో కవ్వాల్ పులుల అభయారణ్యాన్ని, తాడోబాను కలిపే ఈ ప్రాంతాన్ని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ చేస్తూ 49వ నంబరు జీవో వచ్చింది. గోండులు, కొలాములు, తతిమ్మా ఆదివాసులు ఆందోళనకు దిగారు. జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. పక్షులను ప్రాణంగా చూసుకునే మిత్రులు కొందరు దీనికి బాధపడ్డారు. నేను బాధపడలేదు. గుట్ట ఎదుట నిలబడి పక్షిని చూపించే వాచర్ గూడెంలోనే పుట్టాడు. వాళ్లతో మాట్లాడకుండా కాగితం మీద గీసిన గీత పక్షిని కాపాడదు. చేయగలిగిన పనులు వేరే ఉన్నాయి. ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింద ఆకులకు పెట్టే నిప్పు నేలమీద గూడు పెట్టుకునే పిట్టలను కాల్చేస్తుంది. అక్కడ నిప్పుకు బదులు చెట్టు కింద వల పరిచే పద్ధతి ఉంది. ఆ వలలు కొనివ్వడానికి ఏ జీవో అక్కర్లేదు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో పక్షులు చూడటానికి పోయేవాళ్లు పదిమంది ఉంటే, పశువులున్నవాళ్లు వందమంది ఉంటారు. నా మాట ఎక్కువగా ఆ వందమందికే. మీ ఎద్దుకో బర్రెకో నొప్పి, వాపు, జ్వరం వచ్చినప్పుడు పశువుల డాక్టరుగాని, గోపాలమిత్రగాని ఇంజెక్షన్ తీస్తే ఆ సీసా మీద ఏం రాసుందో ఒకసారి అడగండి. మెలోక్సికామ్ అడగండి. నొప్పికి పనిచేస్తుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది, రాబందుకు హాని చేయదని పరీక్షల్లో రుజువైంది. టోల్ఫెనమిక్ ఆసిడ్ కూడా అంతే. మందుల షాపులో మనుషుల డైక్లోఫెనాక్ సీసా పశువుకని ఇస్తే తీసుకోకండి, అలా అమ్మడం చట్టరీత్యా నేరం. ఇంజెక్షన్ చేసిన పశువు నాలుగైదు రోజుల్లో చచ్చిపోతే దాన్ని బయట పడేయకుండా లోతుగా పూడ్చండి. ఏ మందూ పడకుండా చచ్చిన పశువైతే రాబందులకు పనికొస్తుంది, అటవీశాఖలో మీ బీట్ ఆఫీసర్‌కు ఒక ఫోను చేసి చెప్పండి. పులి పశువును కొడితే కళేబరాన్ని కదిలించకుండా, దాని మీద ఏమీ చల్లకుండా అదే బీట్ ఆఫీసర్‌ను పిలవండి. పరిహారం రావాలంటే కూడా అదే దారి.

ఇక పక్షులు చూడటానికి పోయే ఆ పదిమందికి ఒక్క మాట. పాలరాపు గుట్టకు అటవీశాఖ అనుమతి లేకుండా పోకండి, డ్రోన్ తీసుకుపోకండి. నవంబరు నుంచి మార్చి దాకా గూళ్లలో గుడ్డో పిల్లో ఉంటుంది, దూరంగానే నిలబడండి. పది గంటల లోపు పక్షి లేవలేదని వాచర్‌ని విసుక్కోకండి.